పశువులు కాలిపోతే అమెరికా ప్రభుత్వం ఏమిస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

2024 ఫిబ్రవరి 26న టెక్సస్ ఉత్తర కొసన, హచిన్సన్ కౌంటీలోని (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) స్టినెట్ అనే చిన్న ఊరికి దగ్గర్లో గడ్డికి నిప్పంటుకుంది. విపరీతమైన గాలి. మంట రాబర్ట్స్, హెంఫిల్ కౌంటీల మీదుగా పక్క రాష్ట్రం ఒక్లహోమాలోకీ పాకింది. మార్చి 16న పూర్తిగా అదుపులోకి వచ్చేసరికి పదిన్నర లక్షల ఎకరాలకు పైగా బూడిదైంది. టెక్సస్ చరిత్రలో అంత పెద్ద కార్చిచ్చు లేదు. స్మోక్‌హౌస్ క్రీక్ ఫైర్ అని దానికి పేరు. ఇద్దరు మనుషులు చనిపోయారు. పశువులు 7,000కు పైనే పోయాయని తొలి అంచనా, తర్వాత ఆ సంఖ్య ఇంకా పెరిగింది.

పాన్‌హ్యాండిల్ అని పిలిచే ఈ ప్రాంతమంతా పశువుల మీద బతికే నేల. ఆ మంటను ఉదాహరణగా పెట్టుకుని, ఇలాంటప్పుడు పశువుల యజమానులకు అమెరికా ప్రభుత్వం ఏమిస్తుంది, ఎలా ఇస్తుంది, ఎక్కడ కొర్రీలు పెడుతుంది అన్నవి ఇక్కడ చెబుతున్నాను.

డబ్బు ఇచ్చేది కౌంటీనా, రాష్ట్రమా, కేంద్రమా?

కేంద్రమే. కౌంటీ అనగానే కౌంటీ ఖజానా నుంచి వస్తుందని చాలామంది అనుకుంటారు. రాబర్ట్స్ కౌంటీనే తీసుకోండి. 2020 జనాభా లెక్కల్లో అక్కడ ఉన్నది 827 మంది. విస్తీర్ణం మాత్రం దాదాపు 2,400 చదరపు కిలోమీటర్లు. అలాంటి కౌంటీ తన ఖజానాలోంచి ఎవరికి ఏమివ్వగలదు?

డబ్బు కేంద్ర వ్యవసాయ శాఖది. పంచేది ఆ శాఖ కింద పనిచేసే ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ, వాడుకలో ఎఫ్‌ఎస్‌ఏ. దేశమంతటా దీనికి 2,100కు పైగా కౌంటీ ఆఫీసులున్నాయి. చిన్న కౌంటీలు రెండు మూడింటికి కలిపి ఒకే ఆఫీసు ఉండటమూ మామూలే.

ఇందులో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. దరఖాస్తు అర్హమా కాదా అని తేల్చేది కౌంటీ కమిటీ. అందులో ఉండేవాళ్లు అధికారులు కాదు, ఆ చుట్టుపక్కల రైతులు ఓటేసి ఎన్నుకున్న రైతులే. మూడేళ్ల పదవీకాలం. ఫలానా రాంచ్‌లో (పశువుల్ని పెంచే పెద్ద పొలంలో) ఎన్ని ఆవులుంటాయో, ఏ మేతబీడు ఎలాంటిదో వాళ్లకు కళ్లారా తెలుసు. లేని పశువుల్ని చూపించడం కష్టం. అయితే పక్కింటివాడితో పడనివాళ్లకు ఇదే తలనొప్పి కూడా.

రాష్ట్రం వైపు నుంచి టెక్సస్ వ్యవసాయ శాఖ నడిపే స్టార్ ఫండ్ ఉంది. అది దాతల విరాళాలతో నడిచే నిధి, పన్నుల సొమ్ము కాదు.

పథకాలు ఎన్ని? ఏది దేనికి?

పశువు చనిపోతే లైవ్‌స్టాక్ ఇండెమ్నిటీ ప్రోగ్రామ్, అంటే ఎల్‌ఐపీ. కరువుకి మేత పోతే లైవ్‌స్టాక్ ఫోరేజ్ డిజాస్టర్ ప్రోగ్రామ్, ఎల్‌ఎఫ్‌పీ. ఈ రెండింట్లోనూ ఇమడని నష్టాలకు, పశువులు, తేనెటీగలు, చేపల పెంపకానికి అత్యవసర సాయం అనే మూడో పథకం, వాడుకలో ఈలాప్. తేనెటీగల పెంపకందార్లు, చేపల చెరువులవాళ్లు కూడా ఈ మూడోదాని కిందికే వస్తారు. కంచెలకు ఎమర్జెన్సీ కన్జర్వేషన్ ప్రోగ్రామ్. ఇవి కాక పార్లమెంటు అప్పుడప్పుడు ప్రత్యేక చట్టం చేసి ఇచ్చే సాయం వేరు. అప్పు కావాలంటే 5 లక్షల డాలర్ల వరకు అత్యవసర రుణం కూడా ఉంది గానీ, అప్పటికే మెడలోతు అప్పుల్లో ఉన్నవాడికి ఇంకో అప్పు చూపించడాన్ని సాయం అనడానికి నాకు నోరు రాదు.

చనిపోయిన ఆవుకి ఎంత ఇస్తారు?

మార్కెట్ విలువలో 75 శాతం. ఆ విలువను లెక్కగట్టేది వ్యవసాయ శాఖే. పశువు రకం, వయసు, బరువును బట్టి ఏటా ఒక పట్టిక వేస్తుంది. దేశమంతటికీ అదే పట్టిక.

పోయిన ప్రతి పశువుకీ ఇవ్వరు. విపత్తు లేకపోయినా ఏడాదిలో మందలో కొన్ని పోతాయి కదా, ఆ మామూలు చావుల శాతాన్ని రాష్ట్రాలవారీగా ముందే నిర్ణయించి ఉంచుతారు. దానికి మించిన చావులే లెక్కలోకి వస్తాయి.

ఒక ఊహా లెక్క చూద్దాం. ఒకాయనకి 200 ఆవులు. మామూలు చావులు 1.5 శాతం అనుకుంటే 3 ఆవులు. మంటల్లో 40 పోయాయి. మూడు తీసేస్తే 37. పట్టికలో ఆవుకి చెల్లింపు రేటు 1,500 డాలర్లు అనుకుందాం (75 శాతం అందులోనే కలిసి ఉంటుంది). మొత్తం 55,500 డాలర్లు. దీని మీద కేంద్ర బడ్జెట్ కోత 5.7 శాతం పడితే చేతికొచ్చేది సుమారు 52,300.

అసలు నష్టం ఇంతకంటే ఎక్కువే. 2024 జనవరి 1 నాటికి అమెరికాలో ఉన్న మొత్తం పశువులు 8.72 కోట్లు. 1951 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు. పశువులు తగ్గాయి కాబట్టి ధరలు ఆకాశంలో ఉన్నాయి. సగటు రేటులో ముప్పావు వంతు తీసుకుని సంతకెళ్తే పోయిన 40 స్థానంలో 40 ఆవులు రావు.

మేలుజాతి పశువుకి ఎక్కువ ఇస్తారా?

ఇవ్వరు. మాంసపు జాతి ఆవు అంటే పట్టికలో ఒకటే వరుస. మన ఒంగోలు రక్తం ఉన్న బ్రాహ్మన్ అయినా, పాన్‌హ్యాండిల్‌లో ఎక్కువగా కనిపించే నల్ల ఆంగస్ అయినా, తెల్ల మొహం హెర్‌ఫర్డ్ అయినా రేటు ఒకటే. (బ్రాహ్మన్ జాతిని టెక్సస్ తీరంలో గిర్, కాంక్రేజ్, ఒంగోలు వంటి భారతీయ జాతుల నుంచే తయారుచేశారు. అక్కడివాళ్లు ఒంగోలును నెల్లూరు పేరుతో పిలుస్తారు.) ముప్పై ఏళ్లు తరతరాలుగా ఎంపిక చేసుకుంటూ తయారుచేసుకున్న మందకీ, పోయిన నెల సంతలో కొన్న మందకీ ఒకే లెక్క. ఈ పథకంలో నాకు అన్యాయంగా కనిపించేది ఇదే. అయితే ప్రతి ఆవుకీ విడివిడిగా వెల కట్టడం మొదలుపెడితే చెక్కులు ఎప్పటికీ కదలవన్నది కూడా నిజం.

కాలి, బతికి ఉన్న పశువు సంగతేంటి?

గడ్డి మంట వేగంగా వచ్చి వేగంగా పోతుంది. నిలబడి ఉన్న ఆవు కింద నుంచి వెళ్లిపోతుంది. దూరం నుంచి చూస్తే ఆవు బాగానే ఉందనిపిస్తుంది. దగ్గరికెళ్తే పొదుగు కాలి ఉంటుంది. చనుకట్లు పుండ్లై దూడని దగ్గరికి రానివ్వదు. గిట్టల పైభాగం ఉడికిపోయి రెండు మూడు వారాల తర్వాత గిట్ట ఊడివస్తుంది. మంటల్లో చనిపోయినవాటి కంటే ఆ తర్వాతి రోజుల్లో తుపాకీతో కాల్చాల్సి వచ్చినవాటి గురించే రాంచర్లు ఎక్కువ బాధపడతారు.

విపత్తు ముగిసిన 60 రోజుల్లోపు దాని కారణంగానే చనిపోయినవి ఎల్‌ఐపీ కిందికి వస్తాయి. గాయపడ్డ పశువుని 30 రోజుల్లోపు తక్కువ ధరకి అమ్ముకోవాల్సి వస్తే, ఆ ధరకీ పట్టిక రేటుకీ ఉన్న తేడా ఇస్తారు. అమ్మిన రసీదు మాత్రం ఉండాలి.

చూడి ఆవు పోతే కడుపులో దూడకి?

చాలాకాలం ఏమీ ఇవ్వలేదు. ఫిబ్రవరి, మార్చి నెలలు అక్కడ ఈతల కాలం. స్మోక్‌హౌస్ క్రీక్ మంటల్లో పోయిన ఆవుల్లో నిండు చూడివి ఎన్నో. 2025 జూలై 4న సంతకమైన చట్టంలో దీన్ని సరిచేశారు. పుట్టని దూడకి కూడా, ఆ జాతిలో అతి తక్కువ బరువు తరగతికి ఉన్న రేటులో 85 శాతం ఇవ్వాలన్నారు. 2024 జనవరి 1 నుంచి జరిగిన నష్టాలకు వర్తింపజేశారు కాబట్టి ఆ మంటల బాధితులూ అందులోకి వచ్చారు.

ఏ కాగితాలు కావాలి?

మొత్తం వ్యవహారంలో గెలుపోటములు తేలేది ఇక్కడే. మూడు విషయాలు రుజువు చేయాలి: మంటకి ముందు ఎన్ని పశువులున్నాయి, ఎన్ని పోయాయి, ఎందువల్ల పోయాయి.

మూడోది తేలిక, మంట ఎక్కడిదాకా వచ్చిందో అందరికీ తెలుసు. రెండోదానికి ఫొటోలు, కళేబరాలు తీసుకెళ్లిన లారీ రసీదులు, పశువైద్యుడి ధ్రువీకరణ పనికొస్తాయి. ఇవేవీ లేకపోతే, యజమానితో ఏ సంబంధమూ లేని మూడో మనిషి తనకి ప్రత్యక్షంగా తెలుసని సంతకం పెట్టి ఇవ్వాలి. బావమరిది సంతకం చెల్లదు. జీతగాడిదీ చెల్లదు.

చిక్కంతా మొదటిదాంతోనే. బీడులో వదిలేసిన ఆవులకి రోజూ హాజరు వేయరు కదా. బ్యాంకు లోను కోసం ఇచ్చిన పశువుల జాబితా, పశువైద్యుడు టీకాలేసిన లెక్క, చూడి పరీక్ష చేసినప్పటి చీటీ, సంతలో కొన్న బిల్లు, ఇన్‌కమ్ ట్యాక్స్‌లో చూపిన సంఖ్య, వీటిలో ఏది దొరికినా సరే. లెక్కల పుస్తకం ఇంట్లో ఉండి ఇల్లు కూడా కాలిపోయినవాళ్లకి ఆఖరికి అక్కరకొచ్చేవి బ్యాంకు దగ్గర, పశువైద్యుడి దగ్గర ఉన్న నకళ్లే.

ఇంకో మాట. కళేబరాలని వెంటనే గుంట తీసి పూడ్చాలనిపిస్తుంది. వాసన, ఈగలు, చూడలేకపోవడం. అయినా ముందు ఫొటో తీయాలి. చెవి ట్యాగు నంబరు కనిపించేలా ఒకటి, ఒంటి మీద వాత కనిపించేలా ఒకటి. తేదీ పడేలా చూసుకోవాలి. రోజుకి ఎన్ని పూడ్చారో ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆ పరిస్థితిలో ఉన్న మనిషికి ఫోన్ తీసి ఫొటో కొట్టమని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ అదే 1,500 డాలర్ల కాగితం.

ఎప్పటిలోగా దరఖాస్తు చేయాలి?

ఎల్‌ఐపీకి ఒకప్పుడు నష్టం తెలిసిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాల్సి ఉండేది. ఇప్పుడు సడలించారు. నష్టం జరిగిన ఏడాది ముగిశాక 60 రోజుల్లోపు నోటీసు, దరఖాస్తు రెండూ ఇస్తే చాలు. గడువు ఉంది కదా అని కూర్చోవద్దు. జ్ఞాపకాలు చెదిరిపోతాయి, సాక్షులు ఊళ్లు మారతారు. ఫోన్ చేసి నష్టం జరిగిందని ముందే చెప్పి ఉంచడం మంచిది.

గడ్డి కాలిపోయింది. దానికి ఇస్తారా?

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. మేత పథకమైన ఎల్‌ఎఫ్‌పీలో మంటలకి కూడా చోటుంది, కానీ కాలింది కేంద్ర ప్రభుత్వ భూమి అయ్యుండాలి. నెవాడా, వ్యోమింగ్ లాంటి పడమటి రాష్ట్రాల్లో రాంచర్లు ప్రభుత్వ భూముల్ని మేతకి తీసుకుంటారు, వాళ్లకి సరిపోతుంది. టెక్సస్‌లో భూమి దాదాపు అంతా ప్రైవేటుదే. తాత కొన్న సొంత బీడు కాలినవాడికి ఆ పథకంలో పైసా రాదు. ప్రభుత్వ బీడు అద్దెకి తీసుకున్నవాడికి వస్తుంది.

సొంత భూమి వాళ్లకి దారి ఈలాప్. కాలిపోయిన బీడులో మేసే అవకాశం పోయినందుకు, కొని నిల్వచేసిన ఎండుగడ్డి కాలిపోయినందుకు ఇందులో అడగొచ్చు. మేత నష్టానికి సాధారణంగా 60 శాతం లెక్కన ఇస్తారు. కొత్తగా వ్యవసాయంలోకి వచ్చినవాళ్లకి 90 శాతం. ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసుకెళ్లి "గడ్డి పోయింది" అంటే చాలదు, ఎవరి భూమిలో పోయిందో కూడా చెప్పాలి. రాంచర్లు తప్పుడు పథకంలో దరఖాస్తు పెట్టి తిరిగి రావడం ఎక్కువగా జరిగేది ఈ మలుపు దగ్గరే.

ఆ తొలి రోజుల్లో పశువుల కడుపు నింపింది మాత్రం ప్రభుత్వం కాదు. వేరే రాష్ట్రాల రైతులు ఎండుగడ్డి కట్టలు లారీలకెత్తి పంపారు. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయ విస్తరణ విభాగం వాళ్లు మేత పంపిణీ కేంద్రాలు తెరిచి పంచారు.

కరువు వచ్చిందని ఎవరు నిర్ణయిస్తారు?

మన దగ్గర కరువు మండలాల ప్రకటన కోసం నెలల తరబడి ఎదురుచూస్తాం కదా. అక్కడ ఒక పటం చూస్తారు. యూఎస్ డ్రాట్ మానిటర్ అని 1999 నుంచి ప్రతి గురువారం విడుదలవుతుంది. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలోని కరువు కేంద్రం, వ్యవసాయ శాఖ, వాతావరణ శాఖ కలిసి తయారుచేస్తాయి. డీ0 నుంచి డీ4 దాకా తీవ్రత స్థాయిలు.

మేత కాలంలో కౌంటీలో ఏ మూలైనా డీ3 స్థాయికి చేరితే మూడు నెలల చెల్లింపు. డీ4కి చేరితే, లేదా డీ3 నాలుగు వారాలుంటే నాలుగు నెలలు. డీ4 నాలుగు వారాలుంటే అయిదు నెలలు. డీ2కి పాత నిబంధనలో వరసగా ఎనిమిది వారాలు ఉండాల్సి వచ్చేది. 2025 చట్టం దాన్ని నాలుగు వారాలకు తగ్గించింది, ఒక నెల చెల్లింపు వస్తుంది. నెలకి ఇచ్చేది లెక్కగట్టిన మేత ఖర్చులో 60 శాతం.

"ఏ మూలైనా" అన్నమాట గమనించారా? కౌంటీ ఉత్తరపు అంచున రంగు మారితే దక్షిణాన వాన పడ్డవాడికీ డబ్బొస్తుంది. సరిహద్దు రోడ్డుకి అవతల, పక్క కౌంటీలో ఎండిపోయిన బీడు యజమానికి రాదు. గురువారం ఉదయం రాంచర్లు ఆ పటాన్ని పరీక్ష ఫలితాల్లా చూసుకుంటారు.

కంచెలకి?

ఎమర్జెన్సీ కన్జర్వేషన్ ప్రోగ్రామ్ ఖర్చులో 75 శాతం వరకు భరిస్తుంది. ఒక విపత్తుకి ఒకరికి 5 లక్షల డాలర్లు పరిమితి. మైలు కంచెకి పది వేల డాలర్లు ఇట్టే అయిపోతాయి, రాంచ్‌లలో కంచెలు పదుల మైళ్లు ఉంటాయి. పని మొదలుపెట్టే ముందే ఆఫీసుతో మాట్లాడి అనుమతి సంగతి తేల్చుకోండి. పశువులు రోడ్డెక్కుతున్నాయని తొందరపడి కంచె వేసేసుకుని, తర్వాత బిల్లు పట్టుకెళ్తే మొండిచెయ్యి చూపించే ప్రమాదం ఉంది.

ప్రత్యేక చట్టాల సాయం అంటే ఏమిటి?

పైన చెప్పినవన్నీ శాశ్వత పథకాలు. నష్టం మరీ పెద్దదైనప్పుడు పార్లమెంటు వేరుగా డబ్బు కేటాయిస్తుంది. 2021 సెప్టెంబరు 30 నాటి చట్టంలో వ్యవసాయ నష్టాలకు 1,000 కోట్ల డాలర్లు ఇచ్చి, అందులో 75 కోట్లు పశువులవాళ్లకి పెట్టారు. 2024 డిసెంబరు 21 నాటి చట్టంలో 2023, 2024 నష్టాల కోసం పశువులవాళ్ల వాటా 200 కోట్ల డాలర్లు. ఎమర్జెన్సీ లైవ్‌స్టాక్ రిలీఫ్ ప్రోగ్రామ్ పేరుతో 2025లో పంచారు.

ఎల్‌ఎఫ్‌పీలో అప్పటికే దరఖాస్తు ఉన్నవాళ్లు మళ్లీ ఏమీ నింపక్కర్లేదు, పాత రికార్డు చూసి డబ్బు వేసేశారు. వరదల బాధితులు, ప్రైవేటు భూముల్లో మంటల బాధితులు మాత్రం కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. పాన్‌హ్యాండిల్ వాళ్లు ఈ రెండో వరసలోకి వచ్చారు. అంటే 2024 ఫిబ్రవరిలో కాలినదానికి 2025 శరదృతువులో దరఖాస్తు.

డబ్బు నిజంగా ఎప్పుడొస్తుంది?

చట్టం ఉండి, ఆఫీసు తెరిచి ఉండి, కాగితాలు సరిగ్గా ఉంటే కొన్ని వారాలు, నెలలు. ఆ మూడింట్లో ఏది లేకపోయినా ఏమవుతుందో సౌత్ డకోటా చూసింది.

2013 అక్టోబరు 3 నుంచి 5 దాకా ఆ రాష్ట్రపు పడమటి భాగంలో అట్లాస్ అనే మంచుతుపాను వచ్చింది. అక్టోబరు మొదటి వారం, పశువులు ఇంకా వేసవి బీడుల్లోనే ఉన్నాయి. చలికాలపు బొచ్చు ఇంకా రాలేదు. ముందు గంటల తరబడి చల్లటి వాన పడి ఒళ్లు తడిసిపోయింది, ఆ మీద మంచు, హోరుగాలి. ఆవులు గాలికి వీపు పెట్టి నడుస్తూ పోయాయి. మంచు పేరుకుని కంచెలు మునిగిపోతే వాటి మీదుగా దాటి మైళ్ల దూరం వెళ్లి వాగుల్లో, రోడ్డు పక్క గుంటల్లో పడి చచ్చాయి. వేల పశువులు. ఎవరివో తెలుసుకోవడానికి వాతలు, చెవి ట్యాగులు చూసుకుంటూ తిరిగారు.

సాయం అడుగుదామంటే ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసుకి తాళం. బడ్జెట్ గొడవతో అక్టోబరు 1 నుంచి 16 దాకా కేంద్ర ప్రభుత్వం మూతపడింది. ఆఫీసు తెరిచినా ఇవ్వడానికి ఏమీ లేదు, ఎందుకంటే ఎల్‌ఐపీ గడువు 2011లోనే ముగిసింది, కొత్త వ్యవసాయ చట్టం పార్లమెంటులో నానుతోంది. "ఫొటోలు తీసి పెట్టుకోండి, చట్టం వస్తే చూద్దాం" అన్నదే వాళ్లకి దొరికిన సలహా. ఈలోగా రాంచర్ల సంఘాలు కలిసి విరాళాల నిధి పెట్టి ఆదుకున్నాయి.

2014 ఫిబ్రవరి 7న చట్టం వచ్చింది. 2011 అక్టోబరు 1 నుంచి జరిగిన నష్టాలన్నిటికీ వర్తిస్తుందన్నారు. ఏప్రిల్ 15 నుంచి దరఖాస్తులు తీసుకున్నారు. ఆ మాట నమ్మి ఫొటోలు దాచుకున్నవాళ్లకి డబ్బొచ్చింది. ఆ చట్టంతోనే ఈ పథకాలు శాశ్వతమయ్యాయి, ఇప్పుడు అయిదేళ్లకోసారి గడువు తీరే బెడద లేదు.

ప్రభుత్వం మూతపడే బెడద మాత్రం పోలేదు. 2025 అక్టోబరు 1న మళ్లీ మూతపడింది. ఈసారి అక్టోబరు చివర్లో ఆఫీసుకి ఇద్దరు సిబ్బందితో ఎఫ్‌ఎస్‌ఏని తెరిపించారు.

గరిష్ఠ పరిమితి ఉందా? ధనవంతులకీ ఇస్తారా?

ఎల్‌ఐపీకి, ఈలాప్‌కి పరిమితిని 2018లో తీసేశారు. ఎల్‌ఎఫ్‌పీకి 2018 వ్యవసాయ చట్టం ఏడాదికి మనిషికి 1,25,000 డాలర్లు పెట్టింది. సగటు వార్షికాదాయం 9 లక్షల డాలర్లు దాటితే మామూలుగా అర్హత ఉండదు.

పాడి ఆవులకి బర్డ్ ఫ్లూ వచ్చిందన్నారు, అదీ ఇందులోకే వస్తుందా?

వస్తుంది. మంటలు ఆరిన కొద్ది రోజులకే, 2024 మార్చి 25న, టెక్సస్, కాన్సస్ పాడి ఆవుల్లో హెచ్5ఎన్1 బయటపడింది. ఆవులు చాలావరకు కోలుకుంటాయి కానీ పాలు పడిపోతాయి. ఆవుకి 21 రోజులు పాలు లేనట్టు, తర్వాత 7 రోజులు సగం ఇచ్చినట్టు లెక్కగట్టి అందులో 90 శాతం ఈలాప్ కింద ఇస్తామన్నారు. ల్యాబ్‌లో నిర్ధారణ తప్పనిసరి.

తోడేళ్లు చంపితే?

కేంద్రం తిరిగి అడవిలోకి వదిలిన, లేదా కేంద్ర చట్టం రక్షణ ఉన్న జంతువు చంపితే ఎల్‌ఐపీ వర్తిస్తుంది. 2025 చట్టం తర్వాత దీనికి మార్కెట్ విలువలో 100 శాతం. మంటల్లో పోయినదానికి మాత్రం 75 శాతమే.

డాలస్ చుట్టుపక్కల పొలం కొన్న మనవాళ్లకి ఇవి వర్తిస్తాయా?

పొలం ఉండటం కాదు, పశువులు మీవి అయ్యుండాలి. పదెకరాలు కొని ప్రాపర్టీ ట్యాక్స్ తగ్గుతుందని పక్క రాంచర్‌కి మేతకిస్తే, నష్టం ఆయనది, సాయమూ ఆయనకే. మీరే మేకలు, గొర్రెలు పెంచుతూ అమ్ముకుంటుంటే అవి అర్హమైన పశువులే. ముచ్చటకి పెంచుకునేవి, పెంపుడు జంతువులు రావు. వ్యాపారం అనడానికి అమ్మకాల బిల్లులు, ట్యాక్స్ కాగితాలు చూపించాలి.

పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ ఉంటే ఇబ్బంది లేదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ముందుగా ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసులోనే అడిగి తేల్చుకోవాలి. ఏ విపత్తూ రాకముందే వెళ్లి ఫార్మ్ నంబరు తీసుకుని, మేతబీడు విస్తీర్ణం నమోదు చేయించుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు. ఈ దరఖాస్తులకి ఫీజు లేదు. "నేను ఇప్పిస్తాను, పది శాతం ఇవ్వండి" అనే మధ్యవర్తి కనిపిస్తే దండం పెట్టి పంపేయండి.

దరఖాస్తు కొట్టేస్తే?

ముందు కౌంటీ కమిటీనే పునఃపరిశీలించమని అడగొచ్చు. తర్వాత రాష్ట్ర కమిటీ. ఆ పైన నేషనల్ అప్పీల్స్ డివిజన్, ఇది ఎఫ్‌ఎస్‌ఏ కింద ఉండదు. తిరస్కరణ లేఖ అందిన 30 రోజుల గడువు దాటనివ్వకండి.

మన రాష్ట్రాల్లో ఎంత ఇస్తారు?

రాష్ట్ర విపత్తు నిధికి కేంద్రం పెట్టిన 2022–26 నిబంధనల ప్రకారం పాడి ఆవుకి, గేదెకి 37,500 రూపాయలు. ఎద్దుకి 32,000. దూడకి 20,000. గొర్రె, మేకకి 4,000. కుటుంబానికి పెద్ద పాడి పశువులు మూడు, గొర్రెలు, మేకలు ముప్పై వరకే. ఆ పైన రాష్ట్రం తన డబ్బు కలపొచ్చు.

రెండు దేశాల రేట్లు పోల్చడంలో అర్థం లేదు గానీ, పరిమితి విషయం ఆలోచించాల్సిందే. రెండు గేదెలున్న ఇంటికి మూడు అన్న పరిమితితో సమస్య లేదు. రెండు వందల గొర్రెలతో ఊరూరా తిరిగే కాపరికి వరదలో మందంతా కొట్టుకుపోతే ముప్పైకే లెక్క. ఎల్‌ఐపీలో తలల పరిమితి లేదు. పశువైద్యుడి పంచనామా, మందకి ముందే ఉన్న లెక్క మాత్రం అక్కడా ఇక్కడా తప్పవు.

వచ్చిన డబ్బుకి ట్యాక్స్ కట్టాలా?

కట్టాలి. ఎంత ఇచ్చిందో చూపే 1099-జీ అనే ట్యాక్స్ ఫారాన్ని ప్రభుత్వం పంపుతుంది. కరువో వరదో వచ్చి మామూలు కంటే ఎక్కువ పశువుల్ని అమ్మేయాల్సి వచ్చినవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. పాడికి, సంతతికి ఉంచుకున్న పశువుల స్థానంలో మళ్లీ అలాంటివే కొంటే అప్పటికి ట్యాక్స్ వాయిదా పడుతుంది. కొనడానికి మామూలుగా రెండేళ్లు, కేంద్ర సాయానికి అర్హమని ప్రకటించిన ప్రాంతమైతే నాలుగేళ్లు గడువు. రాంచర్లకి ఆ నాలుగేళ్లు నిజంగానే కావాలి. ముందు కంచె వేయాలి, వానలు పడి గడ్డి నిలదొక్కుకోవాలి, అప్పుడే పశువులు కొనాలి. ఈ రోజు పుట్టిన పెయ్య మొదటి దూడని వేయడానికి రెండేళ్లు, ఆ దూడ సంతకెళ్లడానికి ఇంకో ఆరేడు నెలలు పడుతుంది. ఏ ఏడాది ఏ చెక్కు తీసుకోవాలి, ఎప్పుడు పశువులు కొనాలి అన్నది చెక్కు రాకముందే వ్యవసాయ లెక్కలు తెలిసిన అకౌంటెంట్‌తో కూర్చుని తేల్చుకోవడం మేలు.